మద్రాసు దాకా ఒక్క చుక్క కూడా వద్దు

పుట్టిన బిడ్డ నోట్లో మొట్టమొదటి తీపి ఎవరు పెడితే, పెరిగాక ఆ బిడ్డకు వాళ్ల బుద్ధే వస్తుందని మా పక్కింటివాళ్ల నమ్మకం. తేనెలో వేలు ముంచి బిడ్డ నాలుక మీద రాస్తారు. దాన్ని గుట్టీ అంటారు. తల్లిపాల కన్నా ముందు పడాల్సింది అదే. వాళ్ల కోడలు నెలతప్పిన నాటి నుంచీ, గుట్టీ ఎవరిచేత పెట్టించాలన్న దాని మీద ఆ ఇంట్లో చర్చ నడిచేది. నరసరావుపేటలో మాకూ వాళ్లకూ మధ్య ఒకటే గోడ. వద్దనుకున్నా అన్నీ వినిపించేవి.

ఆ ఇంటాయన ముస్లిం, ఆయిల్ ఇంజన్ల మెకానిక్. బావుల మీద నీళ్లు తోడే ఇంజన్ ఎక్కడ మొరాయించినా, బొల్లాపల్లి నుంచి మాచవరం దాకా రైతులు బండి కట్టుకుని ఆయన కోసం వచ్చేవారు. నాకన్నా చిన్నవాడు. నన్ను అన్నా అనేవాడు. ఆయన తల్లిని నేను పెద్దమ్మా అనేవాణ్ణి. ఆవిడకు మాత్రం నేను పేపరబ్బాయిని. మద్రాసులో అచ్చయ్యే ఒక దినపత్రికకు అప్పట్లో పల్నాడు వార్తలు పంపుతుండేవాణ్ణి. పత్తి ధరలు, రేషను బియ్యం, ఏటి అవతల సంస్థానంలో గొడవలు సద్దుమణిగాక తిరిగి వెళ్తున్న జనం, ఇవీ నా వార్తలు. స్వాతంత్ర్యం వచ్చి రెండేళ్లు దాటిన కాలం.

పెళ్లయిన చాలా ఏళ్లకు పుట్టాడు వాడు. ఉదయం పూట పుట్టాడు. మగపిల్లాడని గోడ అవతల నుంచి కేక వినిపించింది. ఆ సంబరం ఎంతోసేపు నిలవలేదు.

మొదట పెద్దమ్మ తన అన్నగారిచేత గుట్టీ పెట్టించింది. ఆయన బట్టల వ్యాపారి, ఊళ్లో పరువున్నవాడు. తేనె నాలుకకు తగిలిన కాసేపటికే బిడ్డకు పొలమారింది. ముక్కులోంచీ నోట్లోంచీ నురగ వచ్చింది. ఒళ్లంతా నీలంగా మారింది. మంత్రసాని వాణ్ణి బోర్లా పట్టుకుని వీపు తడితే ఊపిరి తిరిగింది. అప్పుడైనా ఎవరికీ గొంతు మీద అనుమానం రాలేదు. అనుమానమంతా చెయ్యి మీదే.

"గజంబద్ద పట్టిన చెయ్యి అది. కొలిచి కొలిచి ఇచ్చే చెయ్యి. నా మనవడికి ఎట్టా దిగుద్దీ?" అంది పెద్దమ్మ, అన్నగారు అక్కడే ఉండగానే.

"నువ్వేగదే పిలిచావు!" అన్నాడాయన.

ఆ తర్వాత మసీదులో పిల్లలకు చదువు చెప్పే ముసలాయన్ని పిలిచారు. మళ్లీ అదే. మూడోసారి, మక్కా వెళ్లొచ్చిన పెద్దాయన కోసం జట్కా పంపారు. ఆయన దువా చదివి, ఎంతో జాగ్రత్తగా వేలికొసతో రాశాడు. బిడ్డ ఈసారి ఇంకా నల్లబడ్డాడు. ఊపిరి తిరగడానికి ఎక్కువసేపు పట్టింది. ఆ పెద్దాయన కళ్లద్దాలు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నాడు.

"ముగ్గురి చేతులూ ఒక్కతీరుగా చెడ్డవైతాయా అమ్మా? బిడ్డ గొంతులో ఏదో ఉంది. ముందు ఆసుపత్రికి తీసుకుపోండి," అన్నాడు.

ఆ మాట ఆయన అనబట్టి సరిపోయింది. ఇంకెవరన్నా ఆవిడ వినేది కాదు. మెకానిక్కు గోడ మీది నుంచే నన్ను పిలిచాడు. "అన్నా, మిషన్ ఆసుపత్రి డాక్టరమ్మ నీకు తెలుసు గదా, రా!"

ఆ డాక్టరమ్మ అమెరికా నుంచి వచ్చి చాలా ఏళ్లయింది. తెలుగు బైబిలు చదివి నేర్చుకున్నది కాబట్టి ఆవిడ మాట అట్లాగే ఉండేది. బిడ్డను బల్ల మీద పడుకోబెట్టి, సన్నని మెత్తటి రబ్బరు గొట్టాన్ని నూనెతో తడిపి నోట్లోంచి లోపలికి తోసింది. కొంచెం దూరం వెళ్లింది. అక్కడ ఆగింది. ఇంకా తోస్తే మెలిక తిరిగి, దాని కొస మళ్లీ నోట్లోంచే బయటికొచ్చింది. మరోసారి చేసింది. మళ్లీ అంతే.

"లోపల మార్గము లేదు," అంది.

తర్వాత ఎక్స్‌రే తీయించింది. కడుపులో గాలి కనిపిస్తోందట. నోటినుంచి దారి లేనప్పుడు ఆ గాలి ఎట్లా వచ్చిందో ఆవిడ బొమ్మ గీసి చూపించింది. ఆహారం దిగే గొట్టం పైనుంచి వచ్చి సంచిలాగా మూసుకుపోయింది. కడుపులోంచి వచ్చే కింది ముక్క, దానితో కలవకుండా, పక్కనున్న ఊపిరి గొట్టానికి అతుక్కుంది. అందుకే మింగింది ఏదైనా పొంగి ఊపిరితిత్తుల్లోకి పోతోంది.

మెకానిక్కు ఆ బొమ్మ మీద వంగిపోయాడు. అప్పటిదాకా ఏడుస్తున్నవాడు ఏడుపు మరిచిపోయాడు.

"పైదానికి మూత పడింది. కిందది తప్పుడు లైన్లో కలిసింది. అంతేనా అమ్మగారూ?"

"అంతే."

"అయితే దాన్ని అక్కణ్ణించి కోసి దీనికి అతకొచ్చు గదా?"

డాక్టరమ్మ అతనివంక అదోలా చూసింది. ఆవిడ ముఖం ఉత్సాహంతో ఎర్రబడింది. లేచి వెళ్లి అలమారలోంచి ఒక వైద్య పత్రిక తెచ్చి బల్ల మీద పెట్టింది. "అతికినవారు ఉన్నారు. మా దేశమున అట్టి బిడ్డలు కొందరు జీవించియున్నారు. మద్రాసున ఒక సర్జను ఉన్నాడు. పైదేశమున నేర్చుకొని వచ్చినాడు. ఈ పని చేయుటకు ప్రయత్నించుచున్నాడు. మీరు ఈ దినమే బయలుదేరవలెను."

చాలా వార్తలు రాసినవాణ్ణే. అయినా అంతకు ముందు ఏ వార్తకూ నా ఒళ్లు అట్లా జలదరించలేదు. పుట్టుకతో గొంతు మూసుకుపోయిన పిల్లలు మన దగ్గర అప్పటిదాకా చనిపోవడమే జరిగేది. ఎందుకు చనిపోయారో కూడా ఎవరికీ తెలిసేది కాదు. గుట్టీ పెట్టిన చెయ్యి మంచిది కాదనో, దిష్టి తగిలిందనో అనుకుని ఊరుకునేవారు. ఇప్పుడు రైలెక్కి వెళ్లి కలుసుకోగల మనిషి ఒకడున్నాడు!

డాక్టరమ్మ మద్రాసుకు తంతి ఇప్పించింది. ఒంట్లో నీరు తగ్గకుండా బిడ్డ తొడలోకి సూదితో ఉప్పునీరు ఎక్కించింది. తన దగ్గరి నర్సును తోడిచ్చింది. ఆ నర్సు బాపట్ల వైపు మనిషి, మాట ఖచ్చితంగా ఉండేది. బిడ్డ తల ఎత్తి ఉంచాలి. నోట్లో ఊరినదాన్ని రబ్బరు గొట్టంతో పీల్చి తీస్తూ ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం, మద్రాసు చేరేదాకా నోట్లో ఒక్క చుక్క కూడా పడకూడదు. పాలు కాదు, నీళ్లు కాదు, తేనె అసలే కాదు. నాకు మద్రాసు దారులు తెలుసు కనుక నేను వెళ్లాలన్నారు. పచ్చి బాలింత కదలకూడదు. పెద్దమ్మ మాత్రం ఎవరు చెప్పినా వినలేదు. "నా మనవణ్ణి నేను లేకుండా ఎవురు తీసుకుపోతారో సూత్తా," అని అందరికన్నా ముందు జట్కా ఎక్కి కూర్చుంది.

గుంటూరు పోయే రైల్లో నాకు ఎదురుగా ఆవిడ, పక్కన నర్సు, నర్సు ఒళ్లో దిండు మీద బిడ్డ. ఎండ మండిపోతోంది. కిటికీలోంచి బొగ్గునుసి కొడుతుంటే మెకానిక్కు తన కండువా అడ్డం పట్టుకుని నిలబడ్డాడు. బిడ్డ ఏడ్చినప్పుడల్లా గొంతులో గురగుర. నర్సు గొట్టం ఒక కొసను వాడి నోట్లో పెట్టి, రెండో కొసకు రబ్బరు బుడ్డి తగిలించి పీల్చేది. తీసిందాన్ని గుడ్డలో తుడిచేది. ఒకసారి ఆమె గొట్టం కడుగుతూ తల తిప్పింది. పెద్దమ్మ చేతిలో అప్పటికే కొంగులోంచి తీసిన చిన్న సీసా ఉంది. వేలు తేనెలో మునిగి ఉంది.

"అమ్మా!" అని అరిచాడు మెకానిక్కు.

"నోరుముయ్యరా. దారిలో ఏమన్నా అయితే? గుట్టీ దిగకుండా పోవాల్నా నా బిడ్డ? నేనే పెడతా. నా చెయ్యి ఇంకా పెట్టలేదు గదా!"

నర్సు కోప్పడలేదు. తడిసిన గుడ్డను ఆవిడ ముందు విప్పింది.

"ఇదేందో తెలుసా పెద్దమ్మా? వాడి ఉమ్ము. వాడి ఉమ్మే వాడికి దిగడంలేదు. నీ తేనె ఎట్టా దిగుద్ది?"

పెద్దమ్మ ఆ గుడ్డను చూసింది. బిడ్డను చూసింది. సరిగ్గా అప్పుడే వాడి పెదాల మధ్య సన్నని బుడగ ఒకటి పొంగింది. ఆవిడ తేనె వేలును కాసేపు అట్లాగే గాల్లో పట్టుకుని, ఏం చెయ్యాలో తోచక తన నోట్లోనే పెట్టుకుంది. పొద్దున్నుంచి ఆవిడ ఏమీ తినలేదు.

"ఇదిగో, బుడగ వత్తంది. తియ్యి, తియ్యి!" అంది నర్సుతో.

అప్పటి నుంచి కాపలా ఆవిడదే. బుడగ కనబడక ముందే పసిగట్టేది. గుంటూరులో రైలు మారి తెనాలి బండి ఎక్కేసరికి, నర్సు గొట్టం తీయడమూ ఆవిడ గుడ్డ అందించడమూ ఒక లయలో పడ్డాయి.

తెనాలి బండి కిక్కిరిసి ఉంది. ఆకలికి బిడ్డ గుక్కపట్టాడు. పెట్టెలో ఆడవాళ్లంతా మావైపు తిరిగారు. ఒళ్లో తన బిడ్డను పెట్టుకున్న ఒకావిడ కాసేపు ఓపిక పట్టి, ఇక ఉండలేక చెయ్యి చాచింది.

"ఇటియ్యండమ్మా, నాకు పాలున్నయ్యి. పసిగుడ్డును అట్టా మాడుత్తారా?"

"వద్దు," అంది పెద్దమ్మ.

"ఏం, మా పాలు పనికిరావా? కులం అడుగుతన్నారా ఏంది?"

"నీ కులం ఎవురడిగారే తల్లీ! నీ పాలు బంగారం. ఈడికి గొంతుకి దారి లేదు. ఒక్క చుక్క పడితే పానం పోద్ది. ఈళ్ల నాయన ఇంజన్లు బాగుచేత్తాడు. ఈణ్ణి బాగుచేసేవోడు మద్రాసులో ఉన్నాడు. ఆడి దగ్గిరికి పోతన్నాం. అప్పటిదాకా ఎవురన్నా ఈడి నోట్లో ఏలు పెడితే, ఏలు కొరుకుతా!"

పెట్టెలో నవ్వులు. పాలిస్తానన్నావిడ తన బిడ్డను పక్కవాళ్లకు అందించి, విసనకర్ర తీసుకుని మావాడికి విసరడం మొదలుపెట్టింది. సంగతి పెట్టె ఈ కొస నుంచి ఆ కొసకు పాకింది. ఆ తర్వాత ప్రతి స్టేషనులోనూ ఒకటే తంతు. ఎవరో ఒకరు ఎక్కడం, ఏడుపు విని "పాలియ్యరాదా" అనడం, వాళ్లు మాట పూర్తిచేయకముందే పెట్టెడు జనం ఒక్కసారిగా "ఒక్క చుక్క కూడా వద్దంట!" అని గసరడం. ఒక కుంకుమబొట్టు ముసలాయన చెంబుతో నీళ్లు తెచ్చి, ఆ గసురుకు బెదిరి, ఆ నీళ్లు తానే గటగటా తాగేశాడు. మేం తెనాలిలో దిగుతుంటే బెడ్డింగులూ బుట్టలూ పక్కకు లాగి దారిచ్చారు. విసిరినావిడ, "కబురు తెలిసేదెట్టా మాకు?" అని కిటికీలోంచి అడిగింది. "పేపర్లో ఏయిత్తాలే. పేపరోడు నా ఎంటే ఉన్నాడు," అంది పెద్దమ్మ.

తెనాలిలో మళ్లీ రైలు మారి మద్రాసు చేరేసరికి బిడ్డ ఏడుపు సన్నబడింది. ఆసుపత్రి గేటు దగ్గర మా కోసం స్ట్రెచర్ తయారుగా ఉంది. తంతి అందింది.

సర్జను పొట్టిగా, చురుగ్గా ఉన్నాడు. పెద్ద వయసు కాదు. వచ్చీరాని తెలుగు. బిడ్డ ఛాతీ మీద చెవిగొట్టం పెట్టి విని, ఎక్స్‌రేను వెలుతురుకు పట్టుకుని చూసి, మా ముందుకొచ్చి నిలబడ్డాడు. ఏదీ దాచలేదు.

"ఇంతకు ముందు చేశాను. ఆ పిల్లలు దక్కలేదు. వాళ్లకి రావడానికే ఆలస్యం అయింది, నోట్లో పాలు పోశారు, ఊపిరితిత్తులు పాడయినాయి. మీవాడి ఊపిరితిత్తులు ఇంకా బాగున్నాయి. ఒప్పుకుంటేనే చేస్తాను."

మెకానిక్కు తల్లి వంక చూశాడు. పెద్దమ్మ అడిగింది. "నువ్వు చెయ్యకపోతే?"

"అప్పుడూ దక్కడు."

"అయితే మమ్మల్ని అడుగుతావేంది నాయనా? తీసుకుపో!"

ఆయన నవ్వు ఆపుకోలేకపోయాడు. తలుపులు మూసుకున్నాయి.

బయట వరండాలో పెద్దమ్మ జపమాల తిప్పుతూ కూర్చుంది. మెకానిక్కు కూర్చోలేదు. ఆ చివరి నుంచి ఈ చివరికి నడుస్తూ మా దగ్గరికొచ్చినప్పుడల్లా నర్సును ఒక ప్రశ్న అడిగేవాడు. ఎక్కడి నుంచి కోస్తారు? వీపు పక్కన, పక్కటెముకల మధ్య నుంచట. దేంతో కుడతారు? పట్టుదారంతోనట. ఎంత లావుంటుంది ఆ గొట్టం? నర్సు తన చేతిలోని పెన్సిలు చూపించి, ఇంతకన్నా సన్నం అంది. అతను ఆ పెన్సిలు తీసుకుని రెండు వేళ్ల మధ్య తిప్పుతూ మళ్లీ నడిచాడు. వయసు మళ్లిన ఇంజన్ల సిలిండర్లు విప్పిన చేతులవి. ఎంత లావు చేతులో నేను ఆరోజే గమనించాను.

తలుపు తెరుచుకుంది. సర్జను ముఖానికున్న గుడ్డను గడ్డం కిందికి లాక్కుంటూ వచ్చాడు. ముఖమంతా చెమట. రెండు చేతుల చూపుడువేళ్లూ ఎత్తి, కొసకు కొస ఆనించి చూపించాడు.

"కలిసింది! పైదీ కిందిదీ చాలా దగ్గరగా ఉన్నాయి. లాగాల్సిన పని లేకపోయింది. ఊపిరి గొట్టం వైపు కట్టేశాను."

మెకానిక్కు అతని చేతులు పట్టుకోబోయి, ఆగి, "జాయింటు కారితే సార్?" అన్నాడు.

"అదే నా భయం కూడా," అన్నాడు సర్జను. "అది మానేదాకా పైనుంచి ఏమీ పంపకూడదు. పొట్టకు చిన్న రంధ్రం పెట్టి పాలు అక్కణ్ణించి ఇస్తాం."

నాకు గాలిలో తేలినట్టుంది. అక్కడి నుంచి నేరుగా మా పత్రిక కార్యాలయానికి వెళ్లి, మెట్లు ఎక్కుతూనే వార్త మనసులో రాసేసుకున్నాను. న్యూస్ ఎడిటరు విన్నాడు. ఆయన కళ్లూ మెరిశాయి. అయినా పెన్ను మూత తీయలేదు. "బిడ్డ మింగాడా?" అన్నాడు. లేదన్నాను. "మింగాక రాద్దాం. తల్లి చదువుకోవాల్సిన వార్త అది," అన్నాడు.

తర్వాత గడిచిన రోజులు ఏ ఒక్కటీ తిన్నగా గడవలేదు. ఒకరోజు జ్వరం. పెన్సిలిన్ సూదులు. ఒకరోజు ఊపిరి ఎగపోత, ఆక్సిజన్ గుడారంలో పెట్టారు. పెద్దమ్మ మనవడి పొట్టలోని గొట్టం వంక చూసి, "నోరుండగా పొట్టకు పోత్తన్నారు, ఈ లోకం చానా దూరం పోయిందిరా," అనేది. మళ్లీ తానే పాల గరాటును ఎంత ఎత్తున పట్టుకోవాలో కొత్తగా వచ్చిన నర్సులకు చెప్పేది. ఆ వార్డులో సగం మందికి తెలుగు రాదు. ఆవిడ మాట అర్థంకాని వాళ్లు లేరు.

చివరికి, అతుకు నిలిచిందో లేదో చూసే పరీక్ష రోజు వచ్చింది. ఎక్స్‌రే గది చీకటిగా ఉంది. అద్దపు తెర ఒక్కటే పచ్చగా వెలుగుతోంది. మమ్మల్ని గుమ్మం దగ్గర నిలబడనిచ్చారు. తెర మీద నల్లగా కనిపించే నూనెమందు ఒకటి డ్రాపర్‌తో తీసి, నర్సు బిడ్డ నాలుక మీద వేసింది. ఇన్నాళ్లూ వాడి నోట్లో మేమంతా ఏమీ పడకుండా కాసుకొచ్చాం. ఇప్పుడు అందరం పడినదాన్నే చూస్తున్నాం. నల్లటి చుక్క గొంతులోకి జారింది. అతుకు దగ్గర ఆగింది. సర్జను తెర మీదికి వంగాడు. చుక్క కాస్త సాగింది, సన్నబడింది, మరుక్షణం దారంలాగా కిందికి దిగిపోయింది. పక్కకు ఒక్క మరక లేదు.

"పోయింది! పోయింది!" అని అరిచాడు సర్జను, చిన్నపిల్లాడిలాగా.

పెద్దమ్మ ఆ మాటకు బెదిరి గుండెలు బాదుకోబోయింది. "దిగిందమ్మా, కడుపులోకి దిగింది!" అని కొడుకు ఆవిడ చేతులు పట్టుకున్నాడు. ఆవిడ అతణ్ణి తోసేసి, వెళ్లి ఆ సర్జను రెండు చెంపలూ నిమిరి, తన కణతల మీద మెటికలు విరుచుకుంది.

మరునాడు మా పత్రికలో వార్త వచ్చింది. లోపలి పేజీలో, చిన్నగానే.

మేం తిరిగొచ్చిన రోజు నరసరావుపేటలో బిడ్డ తల్లి మమ్మల్ని గుమ్మంలోనే ఆపేసింది. బిడ్డను లాక్కున్నంత పని చేసింది. ఇన్నాళ్లూ పాలు ఎండిపోకుండా, మా వీధిలో ఇద్దరు ముగ్గురు ఇల్లాళ్లు తమ పిల్లలను తెచ్చి ఆవిడ ఒళ్లో వేస్తూ వచ్చారట. అది డాక్టరమ్మ చేసిన ఏర్పాటు. ఆవిడా అక్కడే ఉంది. వీధిలో వాళ్లంతా అరుగు మీదా, కిటికీ బయటా మూగారు. మగవాళ్లం వాకిట్లో నిలబడ్డాం. మధ్యలో ఒక చీర అడ్డం కట్టారు. దాని వెనక నుంచి ఏ శబ్దమూ లేదు. అప్పుడు దగ్గు వినిపించింది. గట్టి దగ్గు, కంచు మోగినట్టు. వాకిలంతా బిగుసుకుపోయింది. మెకానిక్కు గోడ పట్టుకున్నాడు.

"భయపడవద్దు," అంది డాక్టరమ్మ గొంతు. "ఈ దగ్గు కొన్ని సంవత్సరములు ఉండును. సర్జను నాకు వ్రాసియున్నాడు. త్రాగనిమ్ము."

మళ్లీ నిశ్శబ్దం. ఆ తర్వాత గుటక. ఇంకో గుటక. అంత చిన్న చప్పుడు అంతమంది జనానికి ఎట్లా వినిపించిందో చెప్పలేను, కానీ వినిపించింది. ఎవరూ కదల్లేదు. గుటకలు ఒకదాని వెనక ఒకటి, ఆత్రంగా, ఆపకుండా.

పెద్దమ్మ చీర పక్కకు తీసి తల బయటపెట్టి మా అందరి వంకా చూసింది.

"ఏంది, అట్టా నోళ్లు తెరుచుకుని నిలబడ్డారు? పాలు తాగే పిల్లోణ్ణి ఎప్పుడూ సూల్లేదా? పోండి, పోయి మీ పనులు సూసుకోండి!"

ఒక్కరూ పోలేదు.